అమ్మాయి అర్థశాస్త్రం చదువుతానంటే...

ఇంటర్మీడియేట్ ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచీ మన ఇళ్ళల్లో ఒకటే చర్చ. ఏ కాలేజీ, ఏ గ్రూపు, ఫీజెంత, హాస్టలుకెంత! ఇంజనీరింగు సీటో, మెడిసిన్ సీటో వస్తే చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెప్పుకుంటాం. బి.కాం. అంటే “ఫరవాలేదు, ఏ బ్యాంకులోనో పనికొస్తుంది” అనుకుంటాం. బి.ఏ. అనేసరికి మాత్రం మన గొంతు కొంచెం తగ్గుతుంది. ఎక్కడా సీటు రానివాళ్ళకి ఆఖరున మిగిలే చదువు బి.ఏ. అని మనలో ఒక అభిప్రాయం పాతుకుపోయింది. అటువంటప్పుడు మంచి మార్కులు తెచ్చుకున్న పిల్ల వచ్చి, “అమ్మా, నేను డిగ్రీలో ఎకనామిక్స్ మేజర్‌గా తీసుకుంటాను” అంటే మనకేం చెప్పాలో తోచదు. సరేనంటే రేపు దాని బతుకు ఏమవుతుందోనని బెంగ. వద్దంటే పిల్ల మనసు కష్టపెట్టుకుంటుందని బెంగ. అవుననో, కాదనో చెప్పేముందు ఆ చదువు ఏమిటో, అది ఎవరికి నప్పుతుందో, దానికి నిజంగా ఎంత ఖర్చవుతుందో తెలుసుకోవాలి కదా. ఆ మూడు సంగతులూ ఈవేళ చెప్పుకుందాం.

“పదో తరగతితో చదువు ఆపేసిన ఇల్లాలివి, కాలేజీ చదువుల సంగతి నీకేం తెలుసు?” అని ఎవరైనా అడిగితే తప్పులేదు. తెలియదు కనుకనే నలుగురు అధ్యాపకులనీ, చదువుకుంటున్న పిల్లలనీ అడిగి, వాళ్ళ పుస్తకాలు తిరగేసి, మనబోటివాళ్ళకు అర్థమయ్యే మాటల్లో చెబుతున్నాను.

ముందుగా అర్థశాస్త్రం ఏది కాదో చెప్పుకుంటే సగం చిక్కు విడిపోతుంది. ఇది డబ్బు సంపాదించే కిటుకులు నేర్పే చదువు కాదు. ఏ షేరు ఎప్పుడు కొనాలో, ఏ స్థలం ఎప్పుడు అమ్మాలో ఈ పుస్తకాల్లో ఉండదు. జమాఖర్చులు రాయటమూ కాదు, అది కామర్సు. ఒక దుకాణానికి ఈ ఏడాది లాభం ఎంత వచ్చిందని కామర్సు లెక్కగడుతుంది. ఆ వీధిలో దుకాణాలన్నీ ఒక్కసారే ఎందుకు ధర పెంచాయని అర్థశాస్త్రం అడుగుతుంది. పేరు ఒకటే కదా అని కౌటిల్యుడి అర్థశాస్త్రం చదువుతారనుకునేవాళ్ళూ లేకపోలేదు. ఆ గ్రంథం ముఖ్యంగా రాజ్యం నడిపే పద్ధతి గురించినది. ఇప్పుడు కాలేజీలో చదివేది 1776లో ఆడం స్మిత్ అనే స్కాట్లండ్ ఆయన రాసిన పుస్తకంతో ఒక శాస్త్రంగా రూపు కట్టుకుని, ఆ తరువాత ఎంతో పెరిగిన విద్య.

మరి ఇదేమిటి? ఇంగ్లీషువాళ్ళు దీనికి పెట్టుకున్న ఎకనామిక్స్ అనే పేరు గ్రీకు భాషలోంచి వచ్చింది. ఆ మూలపదానికి అర్థం ఏమిటో తెలుసునా? గృహనిర్వహణ! అవునండీ, మనం పొద్దున లేచి రాత్రి పడుకునేదాకా చేసే పనే. చేతిలో ఉన్నది కొంచెం, కావలసినవి చాలా. ఉన్న కొంచెంలో దేనికి ఎంత కేటాయించాలి? దేన్ని వాయిదా వెయ్యాలి? దేన్ని వదులుకోవాలి? ఒకటో తారీఖున మనం చేసే ఈ ఆలోచనే ఒక ఊరికి, ఒక రాష్ట్రానికి, దేశానికి పెద్దది చేసి, లెక్కలతో, ఆధారాలతో చూసేది అర్థశాస్త్రం.

వాళ్ళ పుస్తకంలో “క్షీణోపాంత ప్రయోజన సూత్రం” అని ఒకటుంది. పేరు విని భయపడకండి. కొత్త ఆవకాయ కలిపిన మొదటి ముద్ద అమృతం. నాలుగో ముద్ద బాగుంటుంది. పదో ముద్దకి చాలనిపిస్తుంది. ఒకే వస్తువు వరసగా వాడుతూపోతే ఒక్కొక్కదాని వల్ల కలిగే తృప్తి తగ్గుతూ వస్తుంది. అంతే ఆ సూత్రం. దీనిమీద కట్టుకుంటూ పోతే, ఒక వస్తువు ధర పెరిగినప్పుడు జనం ఎందుకు తక్కువ కొంటారో, ఉప్పు ధర పెరిగినా వాడకం ఎందుకు తగ్గదో తెలుస్తుంది. ఇలా ఒక మనిషి, ఒక కుటుంబం, ఒక వ్యాపారం ఎలా నిర్ణయాలు చేసుకుంటాయో చూసే భాగాన్ని సూక్ష్మ అర్థశాస్త్రం అంటారు. దేశంలో ధరలన్నీ కలిసి ఎందుకు పెరుగుతాయి, నిరుద్యోగం ఎందుకొస్తుంది, రిజర్వుబ్యాంకు వడ్డీరేటు మారిస్తే మన ఇంటిలోను వాయిదా ఎందుకు మారుతుంది అన్నవి స్థూల అర్థశాస్త్రం. ఇవి రెండూ ఈ చదువుకి రెండు కాళ్ళు. వీటితో బాటు గణాంకశాస్త్రం, బ్యాంకింగు, ప్రభుత్వ ఆదాయవ్యయాలు, మన దేశపు, మన రాష్ట్రపు ఆర్థిక పరిస్థితి, విదేశీ వ్యాపారం మొదలైనవి ఉంటాయి.

మనకు బాగా గుర్తున్న సంగతే ఒకటి చూడండి. 2023 జులైలో టమాటా కిలో వంద రూపాయలు దాటిపోయింది. మనం చింతపండు చారుతో సరిపెట్టుకున్నాం. మదనపల్లె మార్కెట్టు పేరు రోజూ వార్తల్లో వినపడింది. తీరా సెప్టెంబరు వచ్చేసరికి ధర కుప్పకూలి, కొన్నిచోట్ల రైతులు కాయల్ని రోడ్డుపక్కన పారబోశారు. “అయ్యో పాపం” అని మనం అనుకున్నాం. అర్థశాస్త్రం చదివే పిల్ల అక్కడితో ఆగదు. ధర ఎక్కువగా ఉన్నప్పుడు చూసి రైతులందరూ ఒక్కసారే టమాటా వేస్తారు. పంట చేతికి రావటానికి కొన్ని నెలలు పడుతుంది. అందరి పంటా ఒకేసారి వచ్చి పడేసరికి ధర పోతుంది. ఆ నష్టం చూసి మళ్ళీ అందరూ మానేస్తారు, మళ్ళీ ధర పెరుగుతుంది. దీనికి సాలెగూడు సిద్ధాంతం అని పేరు. అయితే గిడ్డంగులు పెడితే ఇది ఆగుతుందా? రైతుకి ముందుగా సమాచారం ఇస్తే ఆగుతుందా? ఎవరు ఖర్చు పెట్టాలి? ఈ ప్రశ్నలు ఎవరికి పుడతాయో ఆ పిల్లలకి ఈ చదువు అన్నం పెట్టకముందే ఆనందం పెడుతుంది.

మన తెలుగునాట ఆడవాళ్ళు నడిపిన చరిత్రలోనూ అర్థశాస్త్రం ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు 1992లో సారా మీద తిరగబడ్డారు. 1993లో సారా నిషేధించారు, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని సడలించారు. ఎందుకు సడలించారు? మద్యం మీద వచ్చే ఆదాయం పోతే ఖజానా నిండేదెలా అన్నది ఒక వాదం. మగవాడు తాగటం మానితే ఇంటికి చేరే కూలిడబ్బు, తగ్గే ఆస్పత్రి ఖర్చు, బడికి వెళ్ళే పిల్లలు, ఇవి లెక్కలోకి రావా అన్నది రెండో వాదం. రెండింటినీ తూచి చూడటానికి ఆవేశమొక్కటీ చాలదు, లెక్క కావాలి. 1983లో మొదలైన కిలో రెండు రూపాయల బియ్యం పథకం సంగతీ అంతే. మంచిదా, భారమా అని ఇప్పటికీ వాదించుకుంటారు. అలా వాదించేటప్పుడు నోరు పెద్దదైనవాడిది కాక, ఆధారం ఉన్నవాడిది పైచెయ్యి కావటానికే ఈ శాస్త్రం.

ఇంకొక మాట మనకు సూటిగా తగిలేది. మనం ఇంట్లో చేసే వంట, ఉతుకు, పిల్లల పెంపకం దేశపు ఆదాయం లెక్కలో చేరవు. పిగూ అనే ఇంగ్లీషు అర్థశాస్త్రవేత్త వందేళ్ళ కిందటే ఈ వింత ఎత్తి చూపాడు. ఒకాయన జీతమిచ్చి పెట్టుకున్న పనిమనిషినే పెళ్ళి చేసుకుంటే, ఆవిడ చేసే పని మారకపోయినా, జీతం ఆగిపోయింది కనుక జాతీయాదాయం తగ్గినట్టు లెక్క వస్తుందట! 2019లో మన కేంద్రప్రభుత్వం దేశమంతటా జనం కాలం ఎలా గడుపుతున్నారో సర్వే చేయించింది. ఇంట్లోవాళ్ళ కోసం జీతంలేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు, ఆ పనిలో చెయ్యి వేసే మగవాళ్ళు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. ఇది మనకు తెలియనిదా? తెలుసు. కాని మనం చెబితే సణుగుడు అన్నారు. అంకెల్లో చెప్పేసరికి వార్త అయింది. ఆడవాళ్ళ ఉద్యోగాలు, జీతాల చరిత్ర మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేసినందుకు క్లాడియా గోల్డిన్ అనే అమెరికన్ ఆవిడకి 2023లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. కాబట్టి ఇది మగవాళ్ళ చదువు, మనకెందుకు అనుకోవటానికి లేదు.

ఇంత గొప్పదయితే ఇంకేం, చేర్పించెయ్యవచ్చునా? తొందరపడకండి. ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. అర్థశాస్త్రం చదవాలా వద్దా అని తేల్చుకోవటానికి అర్థశాస్త్రమే ఒక కొలబద్ద ఇస్తుంది. దాన్ని “అవకాశ వ్యయం” అంటారు. ఒకదాన్ని ఎంచుకున్నప్పుడు మనం వదులుకున్న రెండోదాని విలువే దాని అసలు ఖర్చు. పొయ్యి మీద పాలు పెడితే అదే పొయ్యి మీద అప్పుడే పప్పు పెట్టలేం కదా. చదువుకైనా అంతే. మనం ఫీజు, హాస్టలు, పుస్తకాలు కూడి “ఇంతే ఖర్చు” అనుకుంటాం. ఆ ఏళ్ళల్లో పిల్ల ఇంకేం చేసి ఉండేదో అది కూడా కూడాలి.

ఒక లెక్క వేసి చూద్దాం. బి.ఏ. అయిన అమ్మాయికి నెలకి 15,000 రూపాయల ఉద్యోగం దొరుకుతుందనుకుందాం. అది చెయ్యకుండా రెండేళ్ళు ఎం.ఏ. చదివితే, ఫీజుకీ హాస్టలుకీ కలిపి లక్షన్నర అవుతుందనుకుందాం. ఖర్చెంత? లక్షన్నర అంటాం మనం. కాదు. రెండేళ్ళ జీతం 3,60,000 వదులుకున్నాం. మొత్తం 5,10,000. ఎం.ఏ. మానమని చెప్పటానికి కాదండీ ఈ లెక్క. ఆ 5,10,000కి తగినది ఈ చదువు తిరిగి ఇస్తుందా అని కళ్ళు తెరిచి చూసుకోవటానికి. అలాగే రెండో పక్కా లెక్క వెయ్యాలి. ఇష్టం లేని పిల్లని నాలుగేళ్ళు ఇంజనీరింగులో కూర్చోబెడితే కట్టే ఫీజు ఒక్కటే నష్టం కాదు. ఇష్టమైన దాంట్లో ఆ నాలుగేళ్ళల్లో అది ఎంత ఎత్తుకి వెళ్ళేదో అది కూడా మనమే పోగొట్టినట్టు.

దీనికి తోడుది ఇంకొక సూత్రం ఉంది. ఖర్చుపెట్టేసి, ఇక తిరిగిరానిదాన్ని ముందుకు చెయ్యబోయే నిర్ణయంలో లెక్క వెయ్యకూడదు. చెప్పటానికి తేలిక, ఒప్పుకోవటానికి కష్టం. మా వీధిలో ఉండే ఒకావిడ ఒకనాటి సాయంత్రం వచ్చి నా దగ్గర వాపోయింది. “చూడండి వదినగారూ, రెండేళ్ళు దీన్ని ఎం.పి.సి. చదివించాం. కాలేజీకీ, కోచింగుకీ కలిపి రెండు లక్షల పైన పోశాం. ఇప్పుడిది ఇంజనీరింగు వద్దు, ఎకనామిక్స్ చదువుతానంటోంది. మేం కట్టిందంతా బూడిదలో పోసిన పన్నీరేనా?”

పక్కనే నిలబడ్డ అమ్మాయి నెమ్మదిగా అంది: “నేను ఇంజనీరింగులో చేరినా ఆ రెండు లక్షలూ వెనక్కి రావు కదమ్మా. ఇంకో నాలుగు లక్షలు పోతాయి, అంతే.”

తల్లి గొంతు బొంగురుపోయింది. “డబ్బు మాట కాదే తల్లీ. రేపు నలుగురిలో నా కూతురు ఏం చదువుతోందంటే ఏం చెప్పను? నీకు ఉద్యోగం రాకపోతే మీ నాన్న నన్నే అంటారు” అంది. అసలు బాధ అక్కడుంది. పిల్ల చదువు తప్పుదారి పట్టిందంటే మొదటి మాట పడేది తల్లే. అందుకే మనకు కొత్త దారంటే భయం. ఆ భయం పోవాలంటే అమ్మాయిని నోరు మూయించటం కాదు, వివరాలు చేతిలో ఉండాలి. వాళ్ళిద్దరికీ నేను ఒక్క సంగతి చెప్పాను. ఎం.పి.సి.లో నేర్చిన గణితం ఎక్కడికీ పోదు. అర్థశాస్త్రంలో పైకి వెళ్ళేకొద్దీ కావలసింది అదే.

ఈ గణితం సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. లెక్కలంటే పడని పిల్లలని బి.ఏ.లో వేస్తాం కదా. సాధారణ కాలేజీల్లో బి.ఏ. అర్థశాస్త్రం చాలావరకూ మాటల్లోనే గడిచిపోతుంది. ఆ తరువాత మంచి సంస్థలో ఎం.ఏ.కి వెళ్ళేసరికి కలనగణితం, మాత్రికలు, గణాంకాలు ఎదురొస్తాయి. అక్కడ చాలామంది తడబడతారు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం ఆనర్సులో చేరాలంటేనే గణితం ఉండితీరాలి. ఎలినార్ ఆస్ట్రం అనే అమెరికా ఆవిడ కథ వినండి. బడిలో చదివే రోజుల్లో ఆడపిల్లకి పై లెక్కలెందుకని ఆవిడని ప్రోత్సహించలేదు. తరువాత అర్థశాస్త్రంలో పరిశోధన చేస్తానని వెళితే, గణితం చాలదని చేర్చుకోలేదు. ఆవిడ రాజనీతి శాస్త్రంలో డాక్టరేటు చేసి, చెరువులు, అడవులు, మేత భూములు వంటి ఉమ్మడి ఆస్తుల్ని జనం తమంతట తామే ఎలా కాపాడుకుంటారో పరిశోధించింది. 2009లో అర్థశాస్త్రపు నోబెల్ బహుమతి అందుకున్న మొట్టమొదటి మహిళ ఆవిడే. గొప్ప సంగతే. కాని అందరూ ఆస్ట్రం కాలేరు కదా. మన పిల్లకి ఆ తలుపు ముందే తెరిచి ఉంచటం మన చేతుల్లో ఉన్న పని.

తెలుగువాళ్ళలో దువ్వూరి సుబ్బారావుగారు ముందు చదివింది భౌతికశాస్త్రం. తరువాత ఐ.ఏ.ఎస్.లో చేరి, అర్థశాస్త్రంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొంది, 2008 నుంచి 2013 వరకు రిజర్వుబ్యాంకు గవర్నరుగా చేశారు. ఆయనకు ముందు 2003 నుంచి 2008 వరకు ఆ పదవిలో ఉన్న వై.వి.రెడ్డిగారు కడప జిల్లావారు. మద్రాసులో అర్థశాస్త్రం ఎం.ఏ., ఉస్మానియాలో డాక్టరేటు చేశారు. 2019లో కేంద్ర ఆర్థికమంత్రి అయిన నిర్మలా సీతారామన్‌గారు తిరుచిరాపల్లిలో ఒక కాలేజీలో అర్థశాస్త్రం బి.ఏ. చదివి, తరువాత ఢిల్లీ వెళ్ళి ఎం.ఏ. చేశారు. బి.ఏ. చదివిన ప్రతి అమ్మాయీ మంత్రి అవుతుందని నేననటం లేదు. కాని ఈ ముగ్గురిలో ఎవరూ డిగ్రీతో ఆగలేదు. అది గమనించండి.

ఉద్యోగాల మాట ఉన్నదున్నట్టు చెప్పుకుందాం. బి.ఏ. అర్థశాస్త్రం ఒక్కటే చేతిలో పెట్టుకుంటే అర్థశాస్త్రవేత్త ఉద్యోగం రాదు. బ్యాంకు ఆఫీసరు పరీక్ష రాయవచ్చు; కాని దానికి ఏ డిగ్రీ అయినా చాలు. గ్రూప్ 1, గ్రూప్ 2, సివిల్ సర్వీసు పరీక్షల్లో ఆర్థిక విషయాలు తప్పకుండా ఉంటాయి గనుక ఈ చదువు అక్కడ కలిసొస్తుంది. బి.ఎడ్. చేసి బడిలో సాంఘికశాస్త్రం చెప్పవచ్చు. ఎం.బి.ఏ.కో, లా చదువుకో వెళ్ళవచ్చు. జూనియర్ లెక్చరరు కావాలంటే ఎం.ఏ. ఉండాలి. కేంద్రప్రభుత్వంలో 1961 నుంచీ ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ అని ఒకటుంది. దానికి అర్థశాస్త్రంలో పోస్టుగ్రాడ్యుయేషను తప్పనిసరి, పైగా ఏటా ఉండే పోస్టులు చాలా కొద్ది. రిజర్వుబ్యాంకు పరిశోధన విభాగంలో ఆఫీసరు కావాలన్నా ఎం.ఏ. కావాలి. ఇక కంపెనీల్లో లెక్కలు విశ్లేషించే ఉద్యోగాలున్నాయి. వాటికి అర్థశాస్త్రంతో బాటు గణాంకాలు, కంప్యూటరు బాగా వచ్చి ఉండాలి.

అంటే ఏమిటన్నమాట? ఈ చదువు నిచ్చెన వంటిది. మూడు మెట్లెక్కి ఆగిపోతే అటక అందదు. ఇంకో రెండు మెట్లెక్కాలి. మగపిల్లవాడయితే ఈ మాటకి మనం “సరే” అంటాం. ఆడపిల్ల దగ్గర మాత్రం “డిగ్రీ కాగానే సంబంధం చూడాలి” అన్న ఆలోచన అడ్డొస్తుంది. నేను పెళ్ళి వద్దనటం లేదు. చేర్పించే రోజునే భార్యాభర్తలిద్దరూ కూర్చుని, “ఇది ఎం.ఏ. దాకా చదువుతానంటే మనం చదివించగలమా, ఆగగలమా?” అని మాట్లాడుకోండి. ఆ మాటకి అవునని చెప్పగలిగితే ధైర్యంగా పంపండి. చెప్పలేమనుకుంటే ఆ సంగతి పిల్లకి ఇప్పుడే చెప్పండి. సగం దారిలో ఆపటం కంటే అది న్యాయం. అప్పుడా అమ్మాయి కామర్సుతోనో, కంప్యూటరు చదువుతోనో కలిపి, మూడేళ్ళకే చేతికి అందివచ్చే దారి చూసుకుంటుంది.

కాలేజీ ఎంచుకునేటప్పుడు రంగురంగుల ప్రకటనలు కాక కొన్ని అసలైన సంగతులు అడగండి. అర్థశాస్త్రానికి అక్కడ ఎంతమంది అధ్యాపకులున్నారు? ఒక్కరే అన్ని పేపర్లూ చెబుతున్నారా? మేజర్‌తో బాటు గణితమో, గణాంకశాస్త్రమో మైనర్‌గా తీసుకునే వీలుందా? 2023–24లో ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కాలేజీల్లో మూడు సబ్జెక్టులు సమానంగా చదివే పాత పద్ధతి పోయి, ఒకే మేజర్ పద్ధతి ప్రవేశపెట్టారు. ఈ నిబంధనలు తరచు మారుతూంటాయి. అందుచేత పక్కింటివాళ్ళ అబ్బాయి రెండేళ్ళ కిందట ఏం చేశాడో విని ఊరుకోకుండా, ఈ ఏటి ప్రాస్పెక్టస్ తెచ్చుకుని చదవండి. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఇంటర్ తరువాత నేరుగా చేరి ఐదేళ్ళల్లో ఎం.ఏ. అర్థశాస్త్రం పూర్తిచేసే కోర్సుంది. కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు 2022 నుంచీ ఉమ్మడి ప్రవేశపరీక్ష పెట్టారు. దానికి దరఖాస్తు ఇంటర్ ఫలితాలకంటే చాలా ముందే పెట్టాలి. ఈ ఒక్క సంగతి తెలియక మంచి పిల్లలు ఎందరో అవకాశం పోగొట్టుకుంటున్నారు. ఇంట్లో ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలున్నవాళ్ళు ఈ మాట ఇప్పుడే కాగితం మీద రాసిపెట్టుకోండి.

తెలుగు మీడియంలో చదివిన పిల్లల తల్లులకి ఇంకో దిగులుంటుంది. తెలుగు అకాడమీ ప్రచురించిన అర్థశాస్త్రం పుస్తకాలున్నాయి. విషయం పట్టుబడటానికి అవి ఎంతో సాయం చేస్తాయి. కాని పై చదువులకి పుస్తకాలు ఇంచుమించు అన్నీ ఇంగ్లీషులోనే. కాబట్టి మొదటి ఏడాది నుంచీ రోజుకి ఒక పేజీ అయినా ఇంగ్లీషు పుస్తకం చదివే అలవాటు చేయించాలి. ఇంగ్లీషు రాలేదని తెలివి లేదనుకోకూడదు. అలాగని ఆ పని ఆఖరి ఏడాదికి వాయిదా వెయ్యనూకూడదు.

ఇక పిల్లకి ఈ చదువు నప్పుతుందో లేదో కనిపెట్టటం ఎలా? పైసా ఖర్చులేని పరీక్ష ఒకటి చెబుతాను. ఎన్.సి.ఇ.ఆర్.టి. వారి పదకొండో తరగతి అర్థశాస్త్రం పుస్తకాల్లో గణాంకాల పుస్తకం ఒకటుంది. అది వాళ్ళ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది. సెలవుల్లో దానిలో మూడు అధ్యాయాలు లెక్కలతో సహా చెయ్యమనండి. నెల రోజులపాటు పత్రికలో ఆర్థిక పేజీ చదివి, రోజూ ఒక వార్త మీకు అర్థమయ్యేటట్టు చెప్పమనండి. మీరు వంట చేస్తూ వినండి, మధ్య మధ్య “ఎందుకు?” అని అడగండి. జవాబు తెలియకపోతే వెతికి తెచ్చే పిల్ల అయితే సందేహం లేదు, పంపవచ్చు. వారం తిరక్కుండా విసుగెత్తి పత్రిక అవతల పారేస్తే, స్నేహితురాలు చేరుతోందనో, పేరు బాగుందనో తీసుకుందని గ్రహించండి. కోప్పడకండి. మూడేళ్ళకు తెలియవలసింది నెల రోజుల్లో తెలిసినందుకు సంతోషించండి.

లెక్కలంటే బొత్తిగా గిట్టనివాళ్ళు, నేర్చుకునే ఓపిక కూడా లేనివాళ్ళు ఈ చదువు జోలికి పోకపోవటం మంచిది. డిగ్రీ చేతికి రాగానే జీతం రాకపోతే ఇల్లు గడవని పరిస్థితి ఉంటే, పిల్లకి ఎంత ఇష్టమున్నా, దారి ముందుగా ఆలోచించుకోవాలి. ముందు ఉద్యోగం చేసి తరువాత దూరవిద్యలో ఎం.ఏ. చేసినవాళ్ళున్నారు. కేవలం ప్రతి ప్రశ్నకీ ఒకే ఒక సరైన జవాబు కావాలనుకునే పిల్లలకి కూడా ఇది విసుగు పుట్టిస్తుంది. ఇక్కడ ఇద్దరు పండితులు ఒకే లెక్క చూసి రెండు రకాలుగా చెబుతారు. ఆ రెండూ విని, తూచి, తన మాట తను చెప్పగలగటమే ఈ విద్య నేర్పేది.

ఆఖరుగా ఒక్క మాట. పిల్ల ఎకనామిక్స్ అంటే మొదట మనం అడిగే ప్రశ్న “దానికి ఉద్యోగాలొస్తాయా?” అని. అది అడగవలసిన ప్రశ్నే. దానితో బాటు ఇంకో మూడు అడగండి. గణితంతో స్నేహం చేస్తావా? ఐదేళ్ళు చదువుతావా? దీనికోసం నువ్వేం వదులుకుంటున్నావో నీకు తెలుసునా? ఈ మూడింటికీ పిల్ల తడుముకోకుండా జవాబు చెబితే, నలుగురికీ ఏం చెప్పాలో అని మీరు తడుముకోనక్కర్లేదు. “మా అమ్మాయి అర్థశాస్త్రం చదువుతోంది” అని గొంతు తగ్గించకుండానే చెప్పండి.

మరి సెలవు.